రెండేళ్లొచ్చినా మాటల్లేవు: తప్పు ఇంట్లో ఉన్న నాలుగు భాషలదేనా?

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఏ అపార్ట్‌మెంట్ పార్కులోనైనా సాయంత్రం ఆరింటికి కాసేపు కూర్చుంటే తెలుగు వినపడుతుంది, దాంతోపాటు ఈ మధ్య ఒక ప్రశ్న కూడా తెగ వినపడుతోంది. "మావాడికి రెండేళ్లు నిండాయండి, ఇంకా సరిగ్గా మాటలు రాలేదు, ఇంట్లో తెలుగు, ఆయమ్మ కన్నడ, డేకేర్‌లో ఇంగ్లీషు, పక్క ఫ్లాట్ వాళ్లతో హిందీ, కన్‌ఫ్యూజ్ అయిపోతున్నాడేమో, అన్నీ ఆపేసి ఒక్క ఇంగ్లీషే మాట్లాడదామా?" అని. అక్కడికక్కడే నాలుగు రకాల సమాధానాలొస్తాయి. మగపిల్లలకి లేటేలే అని ఒకరు, ఫోన్ వల్లే అని ఒకరు, వెంటనే థెరపీకి పరిగెత్తండి అని ఇంకొకరు, ఊళ్లో అమ్మమ్మకి ఫోన్ చేస్తే "అసలు వస పట్టించారా వాడికి?" అని ఆవిడ.

ఇక్కడ రెండు వేరే వేరే ప్రశ్నలు ముడిపడిపోయి ఉన్నాయి. భాషలు ఎక్కువైతే మాటలు ఆలస్యమవుతాయా అనేది ఒకటి. ఈ పిల్లాడికి, ఏ కారణం వల్లైనా సరే, మాటలు ఆలస్యమవుతున్నాయా అనేది ఇంకొకటి. మొదటిదానికి చాలావరకు స్పష్టమైన జవాబే ఉంది. రెండోదానికి పిల్లాడిని చూడకుండా ఎవరూ చెప్పలేరు, కానీ మనవాళ్లు మొదటిదాని గురించి నెలల తరబడి చర్చించుకుంటూ రెండోదాన్ని వదిలేస్తారు, నాకు కనిపించే అసలు ఇబ్బంది అది.

మాట వేరు, భాష వేరు

అందరూ వాడే మాట 'స్పీచ్ డిలే'. థెరపిస్టులు దీన్ని రెండుగా చూస్తారు. స్పీచ్ అంటే నోట్లోంచి శబ్దాలు పలికే తీరు. కుక్కని 'తుత్త' అనే పిల్ల, రైలుని 'లైలు' అనే పిల్లాడు, వీళ్లకి పలకడం ఇంకా కుదరలేదు అంతే, చెప్పాలనుకున్నది మాత్రం చెప్పేస్తున్నారు. లాంగ్వేజ్ అంటే అర్థం చేసుకోవడం, మనసులో ఉన్నది ఇంకొకరికి చేర్చడం.

తల్లిదండ్రులు ఎక్కువగా మోసపోయేది ఈ రెండోదానిలోనే. ఏ నుంచి జడ్ దాకా గడగడా చెప్తాడు, ఇంగ్లీషు రైమ్స్ నాలుగు పాడతాడు, కార్ల పేర్లన్నీ చెప్తాడు, "మావాడికి మాటలు బాగానే వచ్చు" అనుకుంటారు. అదే పిల్లాడు దాహమేస్తే నీళ్లు అడగలేక అమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు. పలకడం వచ్చింది, మాట్లాడటం రాలేదు. దీనికి పూర్తిగా ఉల్టా కూడా ఉంటుంది, పది మాటలే వచ్చు కానీ అవే పది మాటలతో, వేలితో, తల ఊపుతో ఇంట్లో అందరినీ ఆడిస్తుంటుంది ఒక పిల్ల. పరీక్ష చేసేవాళ్లకి ఈ పిల్ల కంటే ఆ ఏబీసీడీల పిల్లాడి గురించే ఎక్కువ ఆలోచన ఉంటుంది.

అర్థం చేసుకోవడం విషయంలో కూడా ఒక కిటుకుంది. "చెప్పులు తీసుకురా నాన్నా" అంటూనే మనం చేత్తో చెప్పుల స్టాండు వైపు చూపిస్తాం, పిల్లాడు తెస్తాడు, అన్నీ అర్థమవుతాయి వాడికి అనుకుంటాం. చెయ్యి చూపించకుండా, అటు చూడకుండా, ఉత్త మాటతో చెప్తే తెస్తున్నాడా అనేది వేరే సంగతి.

ఏ వయసుకి ఎన్ని మాటలు, ఈ లెక్కల మీద నిపుణులకే పడదు

మామూలుగా చెప్పేది ఇది: ఏడాది దాటేసరికి అర్థంతో ఒకటో రెండో మాటలు, ఏడాదిన్నరకి ఇంకొన్ని, పైగా నచ్చినదాన్ని వేలితో చూపించి "చూడు చూడు" అన్నట్టు మనవైపు తిరగడం, రెండేళ్లకి "పాలు కావాలి", "అమ్మ రా" లాంటి రెండు మాటల జతలు. రెండేళ్లకి 50 మాటలు అనే లెక్క చాలాకాలంగా వాడుకలో ఉంది. 2022లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ తన జాబితాని మార్చి 50 మాటల్ని రెండున్నరేళ్ల దగ్గర పెట్టింది. సోషల్ మీడియాలో పెద్ద దుమారమే లేచింది, పిల్లలు వెనకబడుతున్నారని లెక్కే తగ్గించేశారా అని.

సీడీసీ వాదన వేరు. పాత జాబితాల్లో ఉన్నది సగటు పిల్లలు చేసే పని, అంటే దాదాపు సగంమంది సహజంగానే ఆ గీతకి వెనక ఉంటారు, దానివల్ల డాక్టర్లు "ఆగి చూద్దాం" అనేస్తున్నారు. కొత్తదానిలో నూటికి 75 మంది చేయగలిగినవే పెట్టాం, కాబట్టి ఇది కూడా రాలేదంటే ఆగొద్దు అనేది వాళ్ల ఉద్దేశం. అక్కడి స్పీచ్ థెరపిస్టుల సంఘం ఒప్పుకోలేదు, గీతని వెనక్కి జరిపితే సాయం కూడా వెనక్కి జరుగుతుందని వాళ్ల భయం. రెండిట్లోనూ న్యాయం ఉంది. మన దగ్గర తిరువనంతపురంలో తయారైన డెవలప్‌మెంట్ చార్టులు కూడా ఉన్నాయి, చాలామంది పిల్లల డాక్టర్లు అవే వాడతారు.

నాలుగు భాషల పిల్లకి లెక్క ఎలా

ఒక పాప ఉందనుకుందాం, పేరు చిన్ని అనుకుందాం, రెండేళ్లు. వాళ్లమ్మ తెలుగు మాటలు లెక్కపెట్టింది, 28 వచ్చాయి. యాభై ఎక్కడ, ఇరవయ్యెనిమిదెక్కడ అని కంగారు. తర్వాత ఆయమ్మ దగ్గర నేర్చుకున్న కన్నడ మాటలు లెక్కేస్తే 9, డేకేర్ ఇంగ్లీషువి 20, పక్కింటి హిందీవి 4. మొత్తం 61.

అందులో కొన్ని ఒకే వస్తువుకి రెండు పేర్లు. పాలుని ఇంట్లో పాలు అంటుంది, డేకేర్‌లో మిల్క్ అంటుంది, ఆయమ్మ దగ్గర హాలు అంటుంది. ఇలా రెండోసారి, మూడోసారి వచ్చినవి 9 తీసేస్తే వేరే వేరే విషయాలకి వచ్చిన మాటలు 52. ఏ రకంగా లెక్కేసినా చిన్ని వెనకబడలేదు. ఒక్క తెలుగులో చూస్తే వెనకబడ్డట్టు కనిపించింది, ఒక్క ఇంగ్లీషులో చూసే ప్లేస్కూల్ టీచర్‌కి ఇంకా ఎక్కువ కనిపిస్తుంది, ఆవిడకి కనిపించేది 20 మాటలేగా. మియామీలో స్పానిష్, ఇంగ్లీషు రెండూ వినే పిల్లల మీద 1990ల్లో జరిగిన పరిశోధనల్లో తేలింది కూడా ఇదే, రెండు భాషల మాటలు కలిపి చూస్తే వాళ్లు ఒకే భాష పిల్లలతో సమానంగానే ఉన్నారు.

భాషలు కలిపేయడం గురించి కూడా భయపడతారు. "అమ్మా, ఊట బేడ (అన్నం వద్దు), మిల్క్ కావాలి" అని ఒకే వాక్యంలో మూడు భాషలు దొర్లించే పిల్ల కన్‌ఫ్యూజ్ అయినట్టు కాదు. దానికి ఏ మాట ముందు దొరికితే అది వాడింది, పైగా ఆయమ్మతో మాట్లాడేటప్పుడు కన్నడ పాళ్లు పెంచి అమ్మతో తెలుగు పాళ్లు పెంచడం చాలామంది పిల్లలు రెండు రెండున్నరేళ్లకే చేస్తుంటారు. పెద్దవాళ్లం ఆఫీసుల్లో మనం మాట్లాడే తెలుగు మాత్రం ఏమంత ప్యూర్‌గా ఉందని.

2011 జనాభా లెక్కల్లో బెంగళూరు అర్బన్ జిల్లాలో కన్నడని మాతృభాషగా చెప్పినవాళ్లు సగం కంటే తక్కువ. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒకటి, బడిలో ఒకటి అనేది ఈ ఊళ్లో తరాలుగా ఉన్నదే. దానివల్లే మాటలు ఆగిపోయేట్టైతే ఈ ఊరు సగం మూగగా ఉండాలి.

మరి భాషలు ఎక్కువైతే ఏ తేడా ఉండదా

ఉంటుంది, కానీ అది సంఖ్య వల్ల వచ్చే తేడా కాదు, సమయం వల్ల వచ్చేది. పైన చెప్పిన చిన్ని రోజునే చూద్దాం. పొద్దున ఏడింటికి లేస్తుంది, రాత్రి తొమ్మిదిన్నరకి పడుకుంటుంది, మధ్యలో డేకేర్‌లో గంటన్నర నిద్ర. అంటే మేలుకుని ఉండేది 13 గంటలు. డేకేర్ తొమ్మిది నుంచి ఆరున్నర దాకా, నిద్ర పోను 8 గంటలు. ఇంట్లో మిగిలింది 5 గంటలు. అందులో టీవీ, ఫోన్ కలిపి గంటన్నర పోతే తెలుగు వినే అవకాశం మూడున్నర గంటలు, అందులోనూ పొద్దున్నది సగం "తొందరగా, తొందరగా, క్యాబ్ వచ్చేసింది" అనే తెలుగే.

మూడున్నర గంటలు అంటే మేలుకున్న సమయంలో నాలుగో వంతు పైన. ఆ మియామీ పిల్లల్లో ఒక భాషని ఐదో వంతు కంటే తక్కువ విన్నవాళ్లు ఆ భాషలో మాట్లాడటానికి పెద్దగా ముందుకు రాలేదు. కాబట్టి చిన్ని తెలుగు ఆ ఐదో వంతు గీతకి కొంచెం పైన ఉంది, ట్రాఫిక్ ఇంకో గంట తినేస్తే గీత కిందికి జారిపోతుంది, అప్పుడు తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులో చెప్పే పిల్ల అవుతుంది. అది భాష జారిపోవడం, స్పీచ్ డిలే కాదు. రెండూ బాధపెట్టేవే, కానీ రెండోదానికే థెరపిస్ట్ కావాలి.

ఇంకో మెలిక డేకేర్ ఎనిమిది గంటలది. పన్నెండు మంది పిల్లలకి ఇద్దరు ఆయాలున్న చోట ఎనిమిది గంటల భాష చెవిన పడుతుందేమో కానీ ఈ పిల్ల కళ్లల్లోకి చూసి ఈ పిల్లతో మాట్లాడేది ఎంతసేపు? పిల్లలకి మాటలు వచ్చేది ఎక్కువగా ఆ ఎదురెదురు మాటల వల్ల. కాబట్టి నాలుగు భాషల ఇంట్లో మాటలు ఆలస్యమైతే చాలాసార్లు చూడాల్సింది భాషలు ఎన్ని అని కాదు, అన్ని భాషల్లో కలిపి ఆ పిల్లతో ఎవరైనా నిజంగా మాట్లాడుతున్నారా అని.

"ఒక్క భాషే మాట్లాడండి" అని కొందరు డాక్టర్లే ఎందుకంటారు

ఇది నిజంగానే జరుగుతుంది, కొందరు పిల్లల డాక్టర్లు, థెరపిస్టులు కూడా "ఇంట్లో ఒకే భాష పెట్టుకోండి, వీలైతే స్కూల్ భాష" అంటారు. వాళ్లని తెలివితక్కువ వాళ్లుగా చూడక్కర్లేదు, వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. థెరపీ ఇచ్చేది ఇంగ్లీషులోనో కన్నడలోనో అయితే అక్కడ నేర్పినదాన్ని ఇంట్లో కొనసాగించడం తేలిక. తెలుగు రాని థెరపిస్ట్ పిల్లాడి తెలుగుని కొలవలేరు. ఇప్పటికే హైరానా పడుతున్న తల్లిదండ్రులకి ఒక్క పని చెప్తే చేస్తారు, నాలుగు చెప్తే ఏదీ చెయ్యరు అనే అనుభవం కూడా ఒకటి.

ఇటు పక్క వాదన బలమైనదే. కెనడాలో 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో డౌన్ సిండ్రోమ్ ఉండి రెండు భాషలు వినే పిల్లలు, అదే సమస్య ఉండి ఒకే భాష వినే పిల్లల కంటే ఇంగ్లీషులో వెనకబడలేదు. ఆటిజం ఉన్న పిల్లల మీద ఆ తర్వాత వచ్చినవి కూడా అదే దారిలో ఉన్నాయి. అంటే నిజమైన సమస్య ఉన్న పిల్లాడికి కూడా రెండో భాష తీసేయడం వల్ల కలిసొచ్చేది కనపడలేదు. పోయేది మాత్రం కనపడుతుంది. ఇంగ్లీషులో తడబడే నాయనమ్మ, ఇంగ్లీషులోనే మాట్లాడాలంటే "కమ్, ఈట్, నో నో" దగ్గర ఆగిపోతుంది. ఆవిడ తెలుగులో అయితే అదే అన్నం ముద్ద చుట్టూ కాకిని, చందమామని, మేనత్తని, అందరినీ తిప్పేది. పిల్లాడికి ఇంగ్లీషు పెరిగిందేమీ లేదు, వినే మాటలు తగ్గాయి.

ఒక్కటి ఒప్పుకోవాలి, ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం కెనడా, అమెరికాల్లో రెండేసి భాషల ఇళ్లలో జరిగినవి. మన నాలుగైదు భాషల ఇల్లు అక్కడ అరుదు. కాబట్టి "ఏం పర్లేదు" అని అక్కడి మాటని ఇక్కడ నూటికి నూరు అతికించడంలో కొంచెం జాగ్రత్త అవసరమే, అలాగని "తెలుగు మానేయండి" అనేదానికి ఇక్కడ ఆధారం దొరికిందని కాదు.

ముందు చెవులు, తర్వాతే మిగతావి

భాషల గురించి ఇంత చర్చ జరిగే ఇళ్లలో కూడా తరచుగా మర్చిపోయేది వినికిడి. ప్రపంచవ్యాప్తంగా వెయ్యిమంది పుడితే ఒకరి నుంచి ముగ్గురికి పుట్టుకతోనే శాశ్వత వినికిడి లోపం ఉంటుంది. పెద్ద శబ్దానికి ఉలిక్కిపడుతున్నాడు, కుక్కర్ విజిల్‌కి తిరుగుతున్నాడు కాబట్టి వినపడుతుందిలే అనుకోవడానికి లేదు, కొన్ని శబ్దాలు వినపడి కొన్ని వినపడని లోపం కూడా ఉంటుంది, అలాంటి పిల్లాడికి విజిల్ వినపడుతుంది కానీ 'స', 'ఫ' లాంటివి జారిపోతాయి. మాటిమాటికీ జలుబు చేసే డేకేర్ పిల్లల్లో చెవి లోపల నీరు చేరి కొన్ని వారాలపాటు మాటలు మందంగా వినపడటం కూడా మామూలే. పుట్టినప్పుడు చేసే ఓఏఈ అనే వినికిడి పరీక్ష పాసయ్యాడు అంటే ఆరోజుకి పాసయ్యాడనే. అందుకే మాటలు ఆలస్యమని వెళ్తే ఎక్కడైనా మొదట అడిగేది, చేయించేది వినికిడి పరీక్ష.

నాలుక కింద తీగ బిగుసుకుపోవడం గురించి కూడా అడుగుతారు. దానివల్ల పసిప్పుడు పాలు తాగడం కష్టమవ్వొచ్చు, కొన్ని అక్షరాలు పలకడం ఇబ్బంది కావొచ్చు, కానీ మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. ఇక వస సంగతి, వాగుడుకాయని వసపిట్ట అనే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం కాబట్టి దానిమీద నమ్మకం ఉండటం సహజం. మాటలు తెప్పిస్తుందనడానికి ఆధారమైతే లేదు, పైగా అందులో ఉండే అసరోన్ అనే పదార్థం వల్ల అమెరికాలో 1968లోనే తిండి పదార్థాల్లో వాడకూడదని నిషేధించారు. అమ్మమ్మకి ఈ ముక్క ఎలా చెప్పాలనేది వేరే వ్యాసం.

ఫోన్, 'వర్చువల్ ఆటిజం' అనే భయం

ఫోన్ ఎక్కువ చూసే పసిపిల్లల్లో మాటలు తక్కువగా ఉండటం చాలా అధ్యయనాల్లో కనిపించింది. ఫోనే కారణమా అనేది అంత తేలిక కాదు, ఎందుకంటే మాటలు రాక, మనుషులతో కలవక, ఊరికే పేచీ పెట్టే పిల్లాడి చేతికే ఫోన్ ఎక్కువ వెళ్తుంది, ఏది ముందు ఏది వెనక తేల్చడం కష్టం. కానీ స్క్రీన్ నుంచి మాటలు రావు అనేదానికి గట్టి ప్రయోగమే ఉంది. 2003లో అమెరికాలో పాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకి చైనా మాండరిన్ వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే పిల్లలు ఆ శబ్దాల తేడా పట్టేశారు, అదే మనిషి అదే మాటలు వీడియోలో చెప్తే ఏమీ పట్టలేదు.

రెండేళ్లలోపు స్క్రీన్ వద్దు, రెండు నుంచి ఐదేళ్ల దాకా రోజుకి గంట మించొద్దు అని మన పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ చెప్పేది. ఊళ్లో తాతయ్యతో అప్పుడప్పుడు చేసే వీడియో కాల్‌కి అందులోనే మినహాయింపు ఉంది, అటు మనిషి ఉన్నాడు, పిల్లాడు చేసిందానికి జవాబిస్తున్నాడు కాబట్టి.

'వర్చువల్ ఆటిజం' అనే మాట రుమేనియా సైకాలజిస్ట్ మారియస్ జాంఫిర్ నుంచి వచ్చింది. స్క్రీన్ ఎక్కువైన పిల్లల్లో ఆటిజంలాంటి లక్షణాలు కనిపిస్తాయి, ఆపేస్తే తగ్గుతాయి అని. డాక్టర్లు రోగ నిర్ధారణకి వాడే డీఎస్ఎం-5లో ఇలాంటిదేమీ లేదు. ఫోన్ తీసేస్తే మెరుగైన పిల్లలు నిజంగా ఉన్నారు, కాదనక్కర్లేదు. ప్రమాదం ఎక్కడంటే, ఆటిజమే ఉన్న పిల్లాడి తల్లిదండ్రులు "ఫోన్ ఆపి ఆరు నెలలు చూద్దాం" అని ఆగిపోవడం, ఆ ఆరు నెలలూ అమ్మ మీద "నువ్వే ఫోన్ ఇచ్చి చెడగొట్టావ్" అనే నింద పడటం.

ఊరి నుంచి వచ్చి నోరు తెరవని పిల్లాడు

ఇది బెంగళూరు తెలుగు ఇళ్లలో చాలా ఎక్కువ. అనంతపురం పక్క ఊళ్లో అవ్వ దగ్గర మూడేళ్ల దాకా పెరిగాడు, అక్కడ వీధి వీధంతా వాడి మాటలే, ఇక్కడికొచ్చి ప్లేస్కూల్లో వేస్తే రెండు నెలలుగా ఒక్క మాట లేదు, టీచర్ స్పీచ్ డిలే అంటుంది. కొత్త భాష మధ్యలో పడ్డ పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు మౌనంగా వింటూ ఉండటం తెలిసిన విషయమే. సాయంత్రం ఇంటికొచ్చి తెలుగులో వసపిట్టలా మాట్లాడుతుంటే భాష దెబ్బతిన్నట్టు కాదు. భాష వచ్చాక కూడా, బడిలో చేరిన మొదటి నెల దాటిపోయాక కూడా, ఇంట్లో మాట్లాడి బయట నోరే విప్పకపోతే దానికి సెలెక్టివ్ మ్యూటిజం అని వేరే పేరుంది, అది ఆందోళనకి సంబంధించింది, పొగరు కాదు. రెండిటి మధ్య తేడా తెలియాలంటే ఇంట్లో తెలుగులో మాట్లాడుతున్న వీడియో ఒకటి టీచర్‌కి, థెరపిస్ట్‌కి చాలా పనికొస్తుంది.

ఆగి చూడటమా, ఇప్పుడే చూపించడమా

"మా మరిది నాలుగేళ్లకి మాట్లాడాడు, ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు" అనే కథ ప్రతి ఇంట్లో ఉంటుంది, అది అబద్ధం కూడా కాదు. రెండేళ్లకి మాటలు తక్కువగా ఉండే పిల్లలు పదిమందిలో ఒకరికంటే ఎక్కువే, వాళ్లలో సగం, కొన్ని లెక్కల్లో అంతకంటే ఎక్కువమంది, బడి వయసుకి తమంతట తామే అందుకుంటారు. మగపిల్లలు సగటున కొంచెం లేటనేదీ నిజమే, కానీ ఆ తేడా నెల రెండు నెలలది, ఏళ్లది కాదు. చిక్కేంటంటే అందుకునేవాడెవరో అందుకోనివాడెవరో రెండేళ్లప్పుడు ఖచ్చితంగా చెప్పలేరు. కొంచెం అంచనా ఇచ్చేవి ఉన్నాయి: చెప్పింది అర్థమవుతూ, వేలితో చూపిస్తూ, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతూ, ఉత్తుత్తి ఆటలు ఆడుతూ ఉంటే ఆశ ఎక్కువ. ఇవి లేకపోయినా, వచ్చిన మాటలు పోయినా, అప్పుడు ఎవరూ ఆగమనరు, అది ఏ వయసైనా, ఇంట్లో ఎన్ని భాషలున్నా. 16 నుంచి 30 నెలల మధ్య ఎం-చాట్ అనే 20 ప్రశ్నల జాబితా వాడేది వీటి కోసమే, అది జల్లెడ పట్టడానికే, అందులో మార్కులొచ్చినంత మాత్రాన ఆటిజం ఉన్నట్టు కాదు.

బెంగళూరులో ఇవన్నీ ఒకేచోట చూసేందుకు నిమ్హాన్స్ పిల్లల విభాగం, దాని దగ్గర్లోనే ఇందిరా గాంధీ పిల్లల ఆసుపత్రి ఉన్నాయి, వినికిడి, మాటల కోసం చంద్రశేఖర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది, మైసూరులో ఆ రంగానికే పెద్ద పేరున్న ఆయిష్ (ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్) ఉంది. పిల్లల్లో లోపాల్ని ముందే గుర్తించడానికి ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన ఆర్‌బీఎస్‌కే పథకం కింద జిల్లాల్లో ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు కూడా ఉన్నాయి, ఐటీ వాళ్లకి వీటి సంగతి పెద్దగా తెలియదు. ప్రైవేటు సెంటర్లు గల్లీకొకటి వచ్చాయి కాబట్టి థెరపిస్టులని నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగడం ఇప్పుడు మామూలే అయింది, సరైనవాళ్లు అడిగితే ఏమీ అనుకోరు.

అక్కడికి వెళ్లినప్పుడు భాషల ప్రశ్న మళ్లీ వస్తుంది, కానీ ఈసారి పనికొచ్చే రూపంలో. ఎవరు ఏ భాషలో రోజుకి ఎంతసేపు మాట్లాడతారు, ఏ భాషలో ఏ మాటలు వచ్చాయి, ఏ భాషలో చెప్తే ఎక్కువ అర్థమవుతుంది అని అడుగుతారు. ఇవేవీ అడక్కుండా ఇంగ్లీషు బొమ్మలు చూపించి, ఇంగ్లీషులో ప్రశ్నలడిగి రాసిన రిపోర్టులో ఉండేది ఆ పిల్లాడి ఇంగ్లీషు మాత్రమే. ఇంట్లో రాసుకెళ్లిన తెలుగు మాటల చీటీ, నాయనమ్మతో ఆడుకుంటున్న రెండు నిమిషాల వీడియో ఉంటే తెలుగు రాని థెరపిస్ట్ కూడా మిగతాది చూడగలుగుతారు.